ఊరేగింపులో ఉడికిపోయే అంబాసిడర్: రేడియేటర్‌కి కరెంటు ఫ్యాన్ బిగించిన ఒక కేసు

విజయవాడ ఆటోనగర్‌లో పాత బండ్ల కరెంటు పని, కూలింగ్ పని చూస్తుంటాను. ఈ కేసు రాయడానికి ముఖ్య కారణం ఇందులో నేను చేసిన తప్పే. ఒకటి కాదు, రెండు. యజమాని పేరు, ఊరు, బండి నంబరు, రంగు చెప్పను. నాకన్నా ముందు ఈ బండి మీద చెయ్యి వేసిన షాపు సంగతీ అంతే.

బండి అంబాసిడర్ మార్క్ 2. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3ని అచ్చు దింపి హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారు చేసిన వంశమిది. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. ఫ్యాన్ వాటర్ బాడీ (నీళ్లు తిప్పే పంపు) ముక్కుకే బిగించి ఉంటుంది. రెంటినీ, డైనమోనీ కలిపి తిప్పేది ఒకటే బెల్టు. కరెంటు పుట్టించే డైనమో లూకాస్ సీ-40 రకం, పక్కన దాన్ని బ్యాటరీకి కలిపే, విడదీసే కట్‌అవుట్ డబ్బా. ఇంకో విషయం, దీని విలువ నాకు తర్వాత తెలిసింది: ఈ బండిలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి పట్టించి ఉంది. మోరిస్ కాలపు పద్ధతి అది. ఇప్పటి కుర్రాళ్లకి చూపిస్తే తప్పు కనెక్షన్ అనుకుంటారు.

యజమాని పెద్దాయన. నాన్నగారి కాలం నాటి బండి, ఇంట్లో ఊరికే ఉంచితే తుప్పు పడుతుందని పెళ్లి ఊరేగింపులకు కిరాయికి ఇస్తున్నారు. వైశాఖం, జ్యేష్ఠం వచ్చాయంటే వారానికి రెండు మూడు పెళ్లిళ్లు.

వచ్చిన ఫిర్యాదు

“రోడ్డు మీద బంగారంలా పోతుందయ్యా. పెళ్లికొడుకు ఎక్కాడా, ఆవిర్లు కక్కుతుంది,” అన్నారాయన.

ఊరేగింపు మొదలైన ఇరవై నిమిషాల్లో టెంపరేచర్ ముల్లు చివరికి పోతోంది. ఆరు నెలల కిందట ఒక షాపులో పాత మారుతి ఫ్యాన్ ఒకటి రేడియేటర్ ముందు బిగించి, డ్యాష్‌బోర్డ్ కింద స్విచ్ ఇచ్చారు. అయినా వేడి తగ్గలేదు. పైగా రెండు కొత్త రోగాలు పట్టుకున్నాయి: రేడియేటర్ కారడం, ఊరేగింపు మధ్యలో బ్యాటరీ దిగిపోవడం. ఒక పెళ్లిలో బండిని మగపెళ్లివారే తోసుకుంటూ కల్యాణ మండపం దాకా తీసుకెళ్లారట.

వేడెక్కే బండి వస్తే నేను మొదట అడిగేది ఎంత వేడెక్కుతోందని కాదు, ఎప్పుడు వేడెక్కుతోందని. హైవే మీద, ఘాట్ ఎక్కేటప్పుడు వేడెక్కితే అనుమానం నీటి మీద, జాలీ (రేడియేటర్‌లో సన్న ట్యూబులు, రెక్కలు ఉండే భాగం) లోపల పేరుకున్న పాచి మీద, ఇగ్నిషన్ టైమింగ్ మీద. నిలబడ్డప్పుడో నడక వేగంలోనో మాత్రమే వేడెక్కితే అనుమానం గాలి మీద. పెద్దాయన మాటని బట్టి ఇది గాలి కేసు. కానీ మాటని బట్టి సామాన్లు కొనకూడదు కదా. ముందు కొలవాలి.

టెంపరేచర్ గన్‌తో ఇత్తడి ట్యాంకుని నేరుగా కొలిస్తే అబద్ధం చెబుతుంది. మెరిసే లోహం మీద రీడింగ్ బాగా తక్కువ చూపిస్తుంది. అందుకని పై ట్యాంకు మీద, కింది ట్యాంకు మీద చెరో నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, దాని మీదే గన్ పెడతాను. గన్నవరం దాకా 60లో పోయి ఆపగానే చూస్తే పైన 84 డిగ్రీలు, కింద 67. అంటే జాలీ దాటేసరికి నీళ్లు 17 డిగ్రీలు చల్లబడుతున్నాయి. షాపు ముందు ఐడిల్లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ మాత్రమే తిరుగుతూ, ఇరవై నిమిషాలు ఉంచితే పైన 102, కింద 95. తేడా 7 డిగ్రీలే. జాలీ అంతటా గన్ తిప్పితే చల్లటి చారలేమీ కనబడలేదు, కింద ఒక మూల తప్ప. చల్లటి చార ఉంటే అక్కడ ట్యూబు మూసుకుపోయిందన్నమాట. నీళ్లు తిరుగుతున్నాయి, కానీ వేడిని పట్టుకుపోయే గాలి లేదు. గాలి కేసేనని అప్పుడు నమ్మాను.

రేడియేటర్ మూత రబ్బరు రాయిలా గట్టిపడి ఉంది. దీనికి 7 పౌండ్ల మూత ఉండాలి. అది సరిగ్గా పట్టి ఉంచితే నీళ్లు 110 దాటాక గాని మరగవు. పట్టకపోతే 100కే పొంగుతాయి. మూత మార్చాం. నీళ్లు వేడెక్కాక తెరుచుకునే థర్మోస్టాట్‌ని ఎప్పుడో పీకేశారు. 82 డిగ్రీలది తెచ్చి పెట్టాం. వేడెక్కే బండికి థర్మోస్టాట్ తీసేయడం మన దగ్గర వైద్యంలా చెలామణీ అవుతోంది. దాని మీద వేరే రాయాలి.

ముందు పనివాళ్లు ఏం చేశారు

ఫ్యాన్‌ని జాలీలోంచి దూర్చిన ప్లాస్టిక్ టైలతో కట్టారు. ఇలా కట్టుకోవడానికని కిట్లే అమ్ముతారు, నాలుగు టైలు, నాలుగు రబ్బరు బిళ్లలు. పని అరగంటలో అయిపోతుంది. కానీ ఆ బరువంతా మోసేది కాగితమంత పలుచని రెక్కలు. మన రోడ్ల మీద ఫ్యాన్ ఊగుతుంది, టై మెల్లగా రెక్కల్ని కోసుకుంటూ ట్యూబు దాకా పోతుంది. ఈ బండిలో రెండుచోట్ల అదే జరిగింది. టై కట్ చేసి లాగితే దాని చుట్టూ పచ్చటి చిలుము, మధ్యలో సూది మొనంత బెజ్జం. రేడియేటర్ షాపులో ఒక ట్యూబుకి టంకం పట్టింది. రెండోదాన్ని రెండు చివర్లా మూసేయాల్సి వచ్చింది.

నేను చేసింది, పనికిరానిది

మొదట అదే ఫ్యాన్‌ని ఇనప పట్టీల మీద బిగించాను. ఇంజిన్ ఫ్యాన్ చుట్టూ రేకుతో ఒక గూడు చేయించాను. అంబాసిడర్‌కి ఆ గూడు ఉండదు, ఫ్యాన్ అంచుల నుంచి గాలి వెనక్కే తిరిగి వచ్చేస్తుంది. ఈ రెంటితో ఇరవై నిమిషాలది ఇరవై ఎనిమిదికి వచ్చింది. ఊరేగింపు రెండు గంటలు.

ఐడిల్ పెంచి చూశాను. ఇంజిన్ ఫ్యాన్ ఎంత తిరిగితే అంత గాలి కాబట్టి నిమిషానికి 650 చుట్ల దగ్గరున్నదాన్ని 950 చేస్తే లాభమే కదా. లాభం వచ్చింది కూడా. కానీ మొదటి గేర్లో క్లచ్ వదలగానే బండి ముందుకి దూకుతోంది. ముందు పెళ్లికొడుకు స్నేహితులు డాన్స్ చేస్తుంటారు. డ్రైవర్ బాబాయి ఒక్క మాటన్నాడు: “బాబూ, రేడియేటర్ పగిలినా ఫర్వాలేదు, మనుషుల మీదకి పోకూడదు.” వెంటనే తగ్గించేశాను.

తర్వాత కరెంటు లెక్క వేశాను. నిజానికి ముందే వేయాల్సింది. క్లాంప్ మీటర్ పెడితే హెడ్‌లైట్లు, వెనక లైట్లు కలిపి 9 ఆంపియర్లు, ఇగ్నిషన్ మూడున్నర, ఫ్యాన్ ఎనిమిదిన్నర. మొత్తం 21. సీ-40 డైనమో సత్తా 22 ఆంపియర్లు. కాగితం మీద సరిపోయింది. కానీ ఆ 22 ఇంజిన్ బాగా తిరిగినప్పటి మాట. ఐడిల్లో డైనమో వోల్టేజి బ్యాటరీ కన్నా తక్కువ పడిపోతుంది, కట్‌అవుట్ విడిపోతుంది, చార్జింగ్ లైటు వెలుగుతుంది. అప్పుడు వచ్చేది సున్నా. అంటే ఈ బండికి ఫ్యాన్ కావాల్సిన సమయమూ డైనమో నిద్రపోయే సమయమూ ఒకటే. గంటకి 21 చొప్పున రెండు గంటలకి 42. బ్యాటరీ 60 ఆంపియర్ అవర్లది, అదీ మూడేళ్ల పాతది. మగపెళ్లివారు తోశారంటే తోయరా మరి.

ఇక్కడ రెండు దారులున్నాయి. కరెంటు ఫ్యాన్ పీకేసి, రెక్కలెక్కువున్న ఇంజిన్ ఫ్యాన్ వెతకడం ఒకటి. డైనమో తీసి, ఐడిల్లోనూ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ పెట్టడం రెండోది. పెద్దాయనకి డైనమో తీయడం ఇష్టం లేదు. “నాన్న చేతి మీద ఉన్నట్టే ఉండాలి,” అన్నారు. అది చిన్న మాటేం కాదు, పాత బండికి విలువంతా అందులోనే ఉంది. కానీ 650 ఐడిల్లో ఎన్ని రెక్కలున్నా గాలి అంతంతమాత్రమే. ఆ లెక్కలన్నీ ఆయన ముందే కాగితం మీద వేసి చూపించాను. చివరికి ఒప్పందం ఏమిటంటే, బాడీకి ఒక్క కొత్త బెజ్జం కూడా పెట్టకూడదు, తీసిన డైనమో, కట్‌అవుట్ గుడ్డ చుట్టి డిక్కీలోనే ఉండాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి పెట్టుకోగలగాలి.

ఆల్టర్నేటర్ పెట్టాలంటే ముందు నెగటివ్ ఎర్త్ చేయాలి, అంటే బ్యాటరీ నెగటివ్‌ని బాడీకి పట్టించాలి, లేకపోతే దాని లోపలి డయోడ్లు క్షణంలో పోతాయి. బ్యాటరీ తిప్పి పెట్టాం, ఇగ్నిషన్ కాయిల్ మీద రెండు వైర్లు అటూ ఇటూ మార్చాం. బ్యాటరీ పక్కన ‘నెగటివ్ ఎర్త్’ అని తెలుగులో పెయింటుతో రాయించాను. ఈ బండి ఎరిగిన పాత చేతులు రేపెప్పుడో అలవాటుగా తిప్పి పెట్టేస్తాయని భయం. పుల్లీల వరస ఉక్కు స్కేలుతో చూసి వాషర్లు వేశాం. ఐడిల్లో 17 ఆంపియర్లు వచ్చాయి. 21లో 17 పోతే బ్యాటరీ నుంచి 4, రెండు గంటలకి 8. ఇది ఏ బ్యాటరీ అయినా మోస్తుంది.

ఇక అయిపోయిందనుకున్నాను. సాయంత్రం మొదటి గేర్లో ఆటోనగర్ వీధుల్లో నడక వేగంతో తిప్పాం. పన్నెండు నిమిషాల్లో 102.

మునుపటి కన్నా ఘోరం! ఒక పూటంతా నీటి వైపే వెతికాను. బెల్టు జారుతోందేమో, కొత్త థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదేమో. మర్నాడు పొద్దున బండి ముందు కూర్చుని ఆలోచిస్తుంటే మా కుర్రాడు ఫ్యాన్ ఆన్ చేశాడు. డ్యాష్‌బోర్డ్ మీద ఎవరిదో పాత శుభలేఖ ఉంటే తీసి గ్రిల్ దగ్గర పెట్టాను. అది గ్రిల్‌కి అతుక్కోవాలి. ఎగిరి నా మొహానికి కొట్టుకుంది.

ఫ్యాన్ గాలిని బయటికి ఊదుతోంది. ఇంజిన్ ఫ్యాన్ లోపలికి లాగుతుంటే ఇది దానికి ఎదురు పోరాడుతోంది.

కూర్చుని విప్పుకుంటే కథ ఇదీ. మారుతి ఫ్యాన్ జాలీ వెనక కూర్చుని, జాలీలోంచి గాలిని తనవైపు లాగేలా చేసింది. ముందు షాపువాళ్లు దాన్ని తీసుకొచ్చి జాలీకి ముందు, అదే మొహం జాలీకి ఆనించి కట్టారు. అలా కడితే అది గాలిని గ్రిల్‌లోంచి బయటికి లాగాలి. కానీ అప్పుడు బండి పాజిటివ్ ఎర్త్. ఎర్ర వైరు స్విచ్‌కి, నల్ల వైరు బాడీకి కలిపేసరికి మోటారుకి కరెంటు తిరగబడి అందింది. లోపల అయస్కాంతాలుండే డీసీ మోటారు కాబట్టి ఉల్టా తిరిగింది. గాలి సరైన దిక్కుకే పోయింది, కానీ రెక్కల వంపు దానికి వ్యతిరేకం కాబట్టి చప్పుడెక్కువ, గాలి తక్కువ. రెండు తప్పులు ఒకదాన్నొకటి సగం కప్పుకున్నాయి. నేనొచ్చి ఎర్త్ సరిచేసి ఒక తప్పు తీసేశాను. రెండోది పూర్తిగా బయటపడింది.

నా తప్పు ఎక్కడంటే, మొదటి రోజు ఫ్యాన్ ఆన్ చేసి చప్పుడు విని, ‘తిరుగుతోంది’ అని రాసుకున్నాను. ఎటు, ఎంత అని చూడలేదు. ఒక కాగితం ముక్క చాలు దానికి. ఇప్పుడు మా షాపులో కూలింగ్ పనికొచ్చిన ప్రతి బండికీ టెంపరేచర్ గన్ కన్నా ముందు కాగితమే.

పనిచేసిన బిగింపు

వైర్లు అటూ ఇటూ మార్చేస్తే మళ్లీ చప్పుడు ఫ్యాన్ అవుతుంది, అంతే. ఇంజిన్ ఫ్యాన్ తీసేసి, జాలీ వెనక లాగే ఫ్యాన్ పెట్టడం గాలి పరంగా అన్నిటికన్నా మెరుగు. నేను దాన్ని వద్దనుకున్నాను. ఊరేగింపు మధ్యలో ఫ్యూజు పోతే ఈ బండికి ఇంకో దిక్కుండదు. ఇంజిన్ ఫ్యాన్ ఉంటే కనీసం పక్కకి తీసి ఆపే వ్యవధి ఉంటుంది. అందుకని ఏసీ కండెన్సర్ ముందు బిగించే రకం, అంటే పుట్టుకతోనే నెట్టే ఫ్యాన్, 12 అంగుళాలది, పలుచటిది తెచ్చాం. హారన్లు కాస్త పక్కకి జరిపితే గ్రిల్ వెనక పట్టింది.

25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఇనప పట్టీలు రెండు, అడ్డంగా. వాటి చివరలు రేడియేటర్‌ని పట్టి ఉంచే బోల్టుల కిందికే పోయాయి, బోల్టులు మాత్రం అర అంగుళం పొడుగువి వేశాం. ఇందులో రెండు లాభాలు. కొత్త బెజ్జం లేదు, పెద్దాయన మాట నిలిచింది. రెండోది ముఖ్యం: ఫ్యాన్, రేడియేటర్ ఒకే ఆధారానికి ఉంటే గుంతలో రెండూ కలిసి ఊగుతాయి. వేర్వేరు చోట్ల పట్టిస్తే ఒకటి ఇటు, ఒకటి అటు పోయి ఒరుసుకుంటాయి. ఫ్యాన్‌కీ పట్టీకీ మధ్య రబ్బరు బుష్‌లు. జాలీకీ ఫ్యాన్ రింగుకీ మధ్య చిటికెనవేలు పట్టేంత సందు ఉంచి, ఆ సందుని చుట్టూ స్పాంజి పట్టీతో మూశాం. ఆ స్పాంజి లేకపోతే గాలి జాలీలోకి పోకుండా పక్కల నుంచి జారిపోతుంది. బిగించాక రెండు చేతులతో ఫ్యాన్‌ని పట్టుకుని ఊపితే బండి ఊగాలి గాని ఫ్యాన్ ఊగకూడదు.

పాత వైరింగులో స్విచ్ గుండానే మొత్తం కరెంటు పోయేది. బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులుంటే ఫ్యాన్ దగ్గర 10.9 మాత్రమే. ఒకటిన్నర వోల్టు సన్న వైరు మింగేసింది. ఇప్పుడు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) పెట్టి, 4 చదరపు మి.మీ. వైరు, బ్యాటరీకి జానెడు దూరంలో 20 ఆంపియర్ల ఫ్యూజు. ఫ్యాన్ ఎర్త్ వైరు తుప్పు గీకిన చోట పట్టించాం. తేడా పావు వోల్టుకి దిగింది.

టెంపరేచర్ స్విచ్ ఎక్కడ పెట్టాలన్నది కాసేపు తేలలేదు. పై ట్యాంకులో పెడితే, నీళ్లు కాస్త తగ్గినప్పుడు స్విచ్ ఆవిరిలో వేలాడుతుంది, నీటి వేడి దానికి సరిగా తెలియదు. పైగా ట్యాంకుకి బెజ్జం పెట్టాలి. అందుకని పై హోస్ పైపుని మధ్యలో కోసి, స్విచ్ కూర్చునే ఇత్తడి గొట్టం ముక్క లేతుపని చేయించి ఇరికించాం. 92కి ఆన్, 87కి ఆఫ్. థర్మోస్టాట్ 82 కాబట్టి ఇంకా తక్కువది పెడితే ఫ్యాన్ అసలు ఆగదు. ఇక్కడ ఇరుక్కునేవాళ్లు చాలామంది ఉంటారు: రబ్బరు పైపు మధ్యలో ఉన్న గొట్టానికి ఎర్త్ అందదు. ఒంటి వైరు స్విచ్ అయితే గొట్టానికి వేరే ఎర్త్ వైరు ఇవ్వాలి. మేము రెండు వైర్లది వాడాం.

దానికి తోడు డ్యాష్‌బోర్డ్ కింది పాత స్విచ్‌ని కూడా రిలేకి కలిపి ఉంచాను. ఊరేగింపు మొదలవుతోందని నీళ్ల కన్నా ముందు డ్రైవర్ బాబాయికి తెలుస్తుంది, ముందే వేసుకుంటాడు. రెండూ తాళం మీదే పనిచేస్తాయి. తాళం తీస్తే ఫ్యాన్ ఆగిపోతుంది, మండపం ముందు వదిలేసిన బండిలో రాత్రంతా తిరగదు.

మే నెల, రోహిణి కార్తె, షాపు ముందు నీడలోనే 43 డిగ్రీలు. నడక వేగంలో గంటంబావు తిప్పాం. పైన 90, 93 మధ్యే ఆడింది. లైట్లన్నీ వేస్తే బ్యాటరీ 12.6 దగ్గర నిలిచింది. బండి ఇచ్చేశాను.

ఐదో రోజు రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను. వెనక డప్పులు, డీజే, అందులోంచి బాబాయి గొంతు: “బాబూ, ముల్లు మళ్లీ పైకి పోతోంది!” ముప్పావు గంటకే వేడెక్కిందట. షాపుకి తెస్తే ఏమీ లేదు. గంటసేపు తిప్పితే 92.

రెండోసారి పెళ్లికి నేనే వెళ్లాను. విడిది ముందు బండిని చూడగానే అర్థమైంది. గ్రిల్ కనబడటం లేదు. పైనుంచి కింద బంపర్ దాకా బంతిపూల పరదా, సందు లేకుండా అల్లారు, మధ్యలో గులాబీలతో వధూవరుల పేర్ల మొదటి అక్షరాలు. చెయ్యి పెడితే పూల వెనక తడి గోనె కూడా ఉంది, పూలు వాడకుండా. దాని వెనక మా 12 అంగుళాల ఫ్యాన్ గిలగిల కొట్టుకుంటోంది.

ఇన్ని రోజులూ నేను బండిని పూలు లేకుండానే పరీక్షించాను. అది వేడెక్కేది మాత్రం పూలు కట్టినప్పుడే. పెద్దాయన మొదటి రోజే చెప్పారు కదా, పెళ్లికొడుకు ఎక్కితేనే అని. నేను దాన్ని నడక వేగం అని మాత్రమే అర్థం చేసుకున్నాను.

డెకరేషన్ కుర్రాడు ముందు ఒప్పుకోలేదు, ఫొటోలో ముందు భాగమే కనబడుతుందన్నా అన్నాడు. న్యాయమే. గోనె తీయించి, పరదాని బానెట్ మీదికి, హెడ్‌లైట్ల పక్కలకి పంచి, గ్రిల్ మధ్యలో రెండు మూరల వెడల్పు ఖాళీ వదిలించాం, అంచున ఒక దండ. సీరియల్ లైట్లని బండి బ్యాటరీ నుంచి తీసి వాళ్ల బ్యాటరీకే వేయించాను. ఆ రాత్రి రెండు గంటల పదిహేను నిమిషాలు తిరిగింది ఊరేగింపు. నేను పక్కనే నడిచాను. ఫ్యాన్ ఆగి మళ్లీ తిరగడం చెవికి తెలుస్తూనే ఉంది, డప్పులు ఆగినప్పుడల్లా.

పూలున్నా ఈ కొత్త ఫ్యాన్‌తో నిలిచేదా, పూలు లేకుండా పాత ఫ్యాన్‌తోనే నిలిచేదా అని తర్వాత లెక్క వేసుకున్నాను. రెండోది కాదు. షాపులో పూలు లేకుండానే ఇరవై ఎనిమిది నిమిషాలకి 100 దాటింది. మొదటిదీ కాదు. రెండూ కావాల్సిందే. కాకపోతే మొదటి రోజే ఒక పెళ్లికి వెళ్లి ఉంటే, రెండు వారాలు, ఒక రాత్రి ఫోను మిగిలేవి.

బండి ఇప్పటికి మూడు సీజన్లు తిరిగింది. తడి రోజు పొద్దున సెల్ఫ్ కొట్టగానే బెల్టు ఒక క్షణం కీచుమంటుంది, ఆల్టర్నేటర్ బరువుకి. అది నాకు ఇంకా నచ్చలేదు. మొన్న జ్యేష్ఠంలో పెద్దాయన ఫోన్ చేశారు. “ఈసారి వాళ్లు గ్రిల్‌కి చామంతులు కట్టిస్తారట, తేలిగ్గా ఉంటాయి, పర్లేదా అబ్బాయ్?”

పర్లేదండీ, మధ్యలో మాత్రం వదిలేయమనండి అన్నాను.